తెల్లవారిందని మాకూ చెప్పండి

(కోరుట్లలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలోని చూపులేని ముస్లిం యువతీయువకుల తరఫున మేము మీ ముందుకు వచ్చాము. మాలో కొందరికి పుట్టుకతోనే చూపు లేదు, మరికొందరికి మధ్యలో పోయింది. మేము జాలి కోరి రాలేదు. మా పేరున వచ్చే ఉత్తరాన్ని మేమే చదువుకునే హక్కును గురించి మాట్లాడడానికి వచ్చాము.

చూపులేనివారు ఈమెయిల్ ఎలా చదువుతారని చాలామంది మమ్మల్ని అడుగుతారు. తెర మీద ఉన్న అక్షరాలను గొంతుతో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను స్క్రీన్ రీడర్ అంటారు. అనేక ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్, ఐఫోన్లలో వాయిస్‌ఓవర్ ముందుగానే ఉంటాయి. కంప్యూటరుకు ఎన్‌వీడీఏ ఉచితంగా లభిస్తుంది. దానిని 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కర్రన్ ప్రారంభించగా, జేమ్స్ టెహ్ ఆయనతో కలిసి పెంచి పోషించారు. వారిద్దరూ చూపులేనివారే. ఈ సాధనాల ద్వారా తెలుగు, ఉర్దూ భాషలను కూడా వినవచ్చు. అంటే మా చేతిలో పనిముట్టు ఉన్నది. లోపం మాకు ఉత్తరాలు పంపే తీరులో ఉన్నది.

జగిత్యాలలో డిగ్రీ చదువుతున్న మా సోదరునికి ఒక స్కాలర్‌షిప్ ప్రకటన ఈమెయిల్‌లో వచ్చింది. రంగురంగుల పోస్టరు అది. అతని ఫోను మాత్రం 'ఇమేజ్' అని ఒక్క మాట పలికి ఊరుకున్నది. సాయంత్రం చెల్లెలు కళాశాల నుండి వచ్చి చదివి చెప్పేసరికి గడువుకు అరగంట మిగిలింది. ధ్రువపత్రాలు సమకూర్చుకునే లోపల ఆ అరగంటా గడిచిపోయింది. సిరిసిల్లలో ఒక సోదరి తన ఆస్పత్రి రిపోర్టును చదివించుకోవడానికి పక్కింటి పిల్లవాణ్ణి పిలవవలసి వచ్చింది. రిపోర్టును స్కాన్ చేసి పంపారు, అందులో అక్షరాల బొమ్మ తప్ప అక్షరాలు లేవు. తన ఒంటి సంగతి తనకన్నా ముందు ఇతరులకు తెలియడం ఆమెకు ఎంతటి బాధ! ఇంట్లో చదివిపెట్టేవారు ఉండడం వేరు, వారు లేనిదే చదవలేకపోవడం వేరు.

మన సొంత ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. తెలుగు పత్రికలను, కరపత్రాలను చాలాకాలంగా అను ఫాంట్లలో కూర్పు చేస్తున్నారు. కంటికి అది తెలుగే. కాని ఆ ఫైలు లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. కాబట్టి మా ఫోను ఆ పీడీఎఫ్‌ను అర్థంలేని శబ్దాలుగా వినిపిస్తుంది. అదే వ్యాసాన్ని యూనికోడ్‌లో పంపితే మొదటి మాట నుండి చివరి మాట దాకా చదువుతుంది. ఉర్దూ పత్రికల పేజీలు వాట్సాప్‌లో తరచుగా బొమ్మలుగానే తిరుగుతాయి. వాటిలోని మాటలు మా దాకా రావు.

మసీదు కమిటీలకు, మద్రసాలకు, సంఘాలకు, ఈ పత్రిక సంపాదకులకు మా మనవి ఇది. పోస్టరు పంపండి, కాని దాని కింద అదే విషయాన్ని యూనికోడ్‌లో టైపు చేయండి. ఫోటో పెడితే అందులో ఏమున్నదో ఒక వాక్యంలో రాయండి. ఈమెయిల్ పేరులోనే విషయాన్ని, గడువు తేదీని చెప్పండి. శీర్షికను లావు అక్షరాలు చేసి వదిలివేయక, 'హెడింగ్'గా గుర్తించండి. అప్పుడు కంప్యూటరులో మేము 'హెచ్' మీట నొక్కుతూ ఒక శీర్షిక నుండి మరొక శీర్షికకు వెళ్ళగలుగుతాము. లింకులను మేము విడిగా జాబితా తీసి కూడా వింటాము. పది లింకులకూ 'ఇక్కడ నొక్కండి' అని ఉంటే ఏది దేనిదో తెలియదు. 'దరఖాస్తు పత్రం' అని, 'అర్హతలు' అని రాయండి. తెలుగును తెలుగు లిపిలోనే రాయండి. ఇంగ్లీషు అక్షరాలలో రాసిన తెలుగును ఆ గొంతు ఇంగ్లీషు మాటలుగా పలికి పాడుచేస్తుంది.

ఇంకొక చిన్న మాట. దైవప్రవక్త పేరు పక్కన బ్రాకెట్టులో 'స' అని ముద్రించడం మనకు అలవాటు. మా ఫోను దానిని వట్టి 'స' అని పలికి ముందుకు సాగుతుంది. సల్లల్లాహు అలైహి వసల్లం అని పూర్తిగా రాస్తే ఆ దీవెన మా చెవినీ పడుతుంది.

వీటిలో ఏ ఒక్కటీ దయతో ఇచ్చే దానం కాదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉన్నది. సమాచారం మాకు అందే రూపంలో ఉండేలా చూడడం ప్రభుత్వ బాధ్యత అని దాని 42వ సెక్షన్ చెబుతున్నది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవల అందుబాటును రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. ఆ తీర్పుకు దారితీసిన పిటిషనర్లలో ఒకరు చూపులేనివారు. కనుక హక్కుల కార్యకర్తలు మైనారిటీ సంక్షేమం గురించి అధికారులకు వినతిపత్రం ఇచ్చేటప్పుడు, ప్రకటనలన్నీ చదవదగిన అక్షరాలలో ఉండాలన్న డిమాండును కూడా చేర్చాలి. వినకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేయవచ్చు. మైనారిటీలో మైనారిటీగా ఉన్న మా గొంతు మీ వినతిపత్రంలో లేకపోతే మరెక్కడ ఉంటుంది?

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ రజియల్లాహు అన్హు చూపులేని సహాబీ. దైవప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం ఖురైష్ పెద్దలతో మాట్లాడుతున్న వేళ ఆయన జ్ఞానం కోరి వచ్చారు. ఆ సందర్భాన్ని గురించే దివ్యఖుర్ఆన్‌లోని 80వ సూరా 'అబస' అవతరించింది. నేర్చుకోవాలని వచ్చిన చూపులేనివాణ్ణి పక్కన పెట్టరాదన్న హితవు అందులో ఉన్నది. తరువాత ఆయన మదీనాలో ముఅజ్జిన్ అయ్యారు. ఫజ్ర్ వేళ ఆయనకు కనిపించదు. ప్రజలు "తెల్లవారింది" అని చెప్పేవారు, అప్పుడు ఆయన అజాన్ ఇచ్చేవారు. రమజాన్‌లో ఆ గొంతు విన్నాకే ఊరు సహరీ ముగించేది.

ఊరు ఆయనకు ఒక్క మాట చెప్పేది, ఆయన ఊరంతటికీ చెప్పేవారు. మేము కోరేదీ ఆ ఒక్క మాటే. మాకు అందవలసిన కబురును మేము వినగలిగే అక్షరాలలో పంపండి. ఆ తరువాత మా చదువు మేము చదువుకుంటాము, మా దరఖాస్తు మేము పెట్టుకుంటాము, ఈ సమాజానికి మేము చేయగలిగిన సేవ చేస్తాము. ఈ రాత్రి మీరు పంపబోయే మొదటి పోస్టరు కింద నాలుగు వరుసలు టైపు చేయండి. అంతటితో మొదలవుతుంది.