పలుకలేని బిడ్డకు పలు త్రోవలు



పలుకలేని బిడ్డను చూచి "వీనికేమియు తెలియదు" అనుట మన గ్రామములలో పరిపాటి. పలుకు వేఱు, తెలివి వేఱు. కనుసైగచేతను, చేతి కదలికచేతను అర్థము బోధపడుట కలదని పతంజలి మహాభాష్యముననే గమనించియున్నాడు. శబ్దవిచారమే వృత్తిగాగల వైయాకరణుడే యంగీకరింపగా మనకు సందేహమేల?

సైగలు, బొమ్మల పలకలు, తాకినంతనే మాట వినిపించు యంత్రములు నేడు కలవు. సాధనము దొరకుటతో పని ముగిసినదని తల్లిదండ్రులు తలంతురు. నిజమునకు పని యప్పుడే యారంభము.

నీళ్ల బొమ్మను వంటయింట తల్లికి మాత్రమే చూపనేర్చిన బాలిక యొకతె మేనత్త యింటికి పోయినదనుకొనుడు. పలకను తెచ్చుట మఱచిరి. దాహమైనది. అప్పుడామె కుండవైపు చేయి చాపవలయును; అత్త గమనింపకున్న కొంగు పట్టి లాగవలయును; అప్పటికిని తెలియకున్న చెంబు తెచ్చి చేతి కీయవలయును. ఒక త్రోవ మూసికొన్నచో మఱియొక త్రోవను వెదకుట ఇట్టి బిడ్డలకు తనంత రాకపోవచ్చును, నేర్పవలయును. తల్లియే కాక తాతయు, పంతులును, ఇంటను, బడిలోను, పొలముగట్టునను అభ్యాసము చేయింపవలెను. తెలిసియు తెలియనట్లు నటించి బిడ్డను ఏడిపింపరాదు. నిజముగా తెలియనప్పుడు "మఱియొక విధముగా చూపుమమ్మా" యని, రెండవ త్రోవను తామే చేసి చూపి, వేచియుండవలెను. ఈ వేచియుండుటయే మనకు కష్టము. బిడ్డ చేయి లేవకమునుపే చెంబు నోటి కందింతుము.

"ఇమ్ము" అనుట నేర్పి యూరకుందుము. "వద్దు" అనుటయు నేర్పవలెను. వద్దనలేని బిడ్డ విసరికొట్టును, కఱచును. మొండితనమని మనము కొట్టుదుము. 1985వ సంవత్సరమున అమెరికాలో కార్, డ్యూరాండ్ అను పరిశోధకులు మనోవికాసము మందగించిన నలువురు పిల్లలకు, పాఠము కష్టమైనపుడు సాయము కోరుటయు, గురువు మెప్పు నడుగుటయు నేర్పగా, అట్టి చేష్టలు మిక్కిలి తగ్గెను. బెత్తము చేయలేని పనిని చిన్న వాక్యము చేసినది.

నొప్పి సంగతి మఱింత ముఖ్యము. శరీరము బొమ్మపై వ్రేలుంచి "ఇచ్చట" అని చూపుట, బిడ్డ ఆరోగ్యముగా నున్నప్పుడే నేర్పవలెను. ఎవడైన దుర్మార్గుడు చేయిచేసికొన్నచో, ఆ మాట బయటికి వచ్చుటకును అదియే దారి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము, పలుకుకు తోడుగా ఇట్టి యితర మార్గములను బడులలో ప్రోత్సహింపవలెనని విధించుచున్నది. మీరు మీ యూరి బడికి పోవునపుడు, అట్టి బిడ్డ పేరు పట్టికలో నున్నదా, బొమ్మల పలక బిడ్డ చేతికి అందుచున్నదా, లేక బీరువాలో భద్రముగా నున్నదా యని విచారింపుడు.