మన పిల్లల చావుల్ని వాళ్ల వార్తకి వాడుకుంటున్నారు



మొన్న మా చిన్నాన్న కూతురికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా వేయిద్దామా అని ఇంట్లో మాటొచ్చింది. మా బావ ఫోన్ తీసి ఒక వీడియో పెట్టాడు. "ఈ టీకాతోనే మన భద్రాచలం పిల్లలు చచ్చిపోయారు, చూడండి" అన్నాడు. ఇంక ఎవరూ మాట్లాడలేదు.

అది ఉత్త అబద్ధమని కొట్టిపారేయలేకపోయాను. ఎందుకంటే అందులో సగం మన కథే.

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి ఈ టీకా వేశాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. అందులో ఆశ్రమ పాఠశాలల పిల్లలు, హాస్టల్ పిల్లలు ఎంతోమంది. అమ్మానాన్న పెట్టాల్సిన సంతకం ఎవరు పెట్టారు? 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలో లెక్క ఉంది: 9,543 ఫారాల్లో 2,763 మీద వార్డెన్ల సంతకాలు. మన బిడ్డ ఒంట్లోకి సూది దిగాలా వద్దా అన్నది వార్డెన్ చెప్పేశాడన్నమాట! 2010 మార్చిలో సమ అనే సంస్థ ఆడవాళ్లు భద్రాచలం వచ్చి పిల్లల్ని, తల్లిదండ్రుల్ని నేరుగా అడిగితేనే ఇదంతా బయటపడింది. ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది.

ఇంతవరకూ నిజం. ఇక్కడి నుంచి కథ అమెరికా పోయింది. అక్కడ రాబర్ట్ కెన్నెడీ జూనియర్ పెట్టిన చిల్డ్రన్స్ హెల్త్ డిఫెన్స్ సంస్థకి డిఫెండర్ అని ఒక వార్తా సైటుంది. పెద్ద పత్రికలు దాచినవి మేం చెప్తాం అంటారు. 2020లో కెన్నెడీ మన పిల్లల సంగతి రాస్తూ దాన్ని "ప్రయోగ టీకా" అన్నాడు. మన దేశంలో దానికి 2008లోనే అనుమతి వచ్చింది. ఏడుగురు చనిపోయారన్నాడు. అవును, గుజరాత్‌తో కలిపి ఏడుగురు. ఎలా పోయారో మాత్రం ఆ వీడియోల్లో ఉండదు. ఒక పిల్ల క్వారీ నీళ్లలో మునిగింది, ఒకరిని పాము కరిచింది, ఇద్దరు పురుగుల మందు తాగారు, ఒకరికి మలేరియా. మిగతా ఇద్దరి కారణం అంత స్పష్టంగా తేలలేదు. దర్యాప్తు లోతుగా చేయలేదని పార్లమెంటు సంఘం కూడా తప్పుబట్టింది, అది కూడా చెప్పాలి.

మలేరియాతో ఆశ్రమ పాఠశాల పిల్ల పోతే ఎవరైనా వీడియో చేస్తారా? చేయరు. టీకా అంటేనే చేస్తారు.

ఈ క్యాన్సర్‌తో మన దేశంలో 2020 అంచనా ప్రకారం ఏడాదికి దాదాపు 77 వేల మంది ఆడవాళ్లు చనిపోతున్నారు. స్కాట్లాండ్‌లో 12, 13 ఏళ్లకే టీకా వేయించుకున్న ఆడవాళ్లలో ఈ క్యాన్సర్ ఒక్కరికీ కనిపించలేదని 2024లో తేలింది. మన ఏజెన్సీలో ఈ రోగాన్ని ముందే పట్టే పరీక్ష ఎంతమంది అమ్మలకి జరుగుతోంది? కాబట్టి భయంతో వద్దనుకుంటే నష్టం వాళ్లకి కాదు, మన చెల్లెళ్లకి.

అలాగని నోరు మూసుకుని చేయి చాపమని నేను చెప్పట్లేదు. ఫారం కోయలోనో, గోండిలోనో, మన ఇంట్లో మాట్లాడే భాషలో చదివి వినిపించాలి. సంతకం అమ్మో నాన్నో పెట్టాలి. జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేయాలో రాసివ్వాలి. ఇవి లేకుండా ఎవడొచ్చినా ఆపండి.

మా బావ ఇంకా ఒప్పుకోలేదు. పిన్ని మాత్రం సోమవారం సంతకి పోయినప్పుడు ఏఎన్ఎం అక్కని అడుగుతానంది. నన్నూ తోడు రమ్మంది.