సీడు పత్తి ధరలోనే ఆడపిల్ల చదువు

(నాచారంలో జరిగిన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రైతు సంఘం సభలో ఆడపిల్లల బడి ముచ్చట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. గిట్టుబాటు ధర అడిగేవాళ్లం దీన్ని పక్కన పెట్టలేం. ఎందుకో చెబుతాం.

గద్వాల నడిగడ్డలో, అటు కర్నూలు వైపు సీడు పత్తి వేసే రైతులకు క్రాసింగ్ పని తెలుసు. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలు విప్పి పుప్పొడి భాగం తీసేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి ఒక్కో పువ్వుకూ రుద్దాలి. నెలల తరబడి రోజూ ఇదే పని. సాగు ఖర్చులో పెద్ద వాటా కూలిదే. ఈ పనిలో ఎక్కువమంది ఆడపిల్లలేనని 1990ల నుంచి పరిశోధకులు రాస్తూనే ఉన్నారు. క్రాసింగ్ వచ్చేది బడి నడిచే నెలల్లోనే. అన్ని రోజులు బడి తప్పిన పిల్లకు మళ్లీ పాఠం అందదు. చివరికి మానేస్తుంది.

"ఆడపిల్లల వేళ్లు సన్నగా ఉంటాయి, పువ్వు చెడదు" అంటారు. అది సాకు. పెద్దలు చేసినా కాయ నిలుస్తుంది. పిల్లకైతే కూలి తక్కువ, ఎదురు మాట్లాడదు, తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చి సీజనంతా కట్టేసుకోవచ్చు. అసలు సంగతి ఇదీ.

అలాగని రైతు ఒక్కడినే దోషిని చేస్తే లెక్క తేలదు. గింజకు ధర కట్టేది కంపెనీ, మధ్యలో ఉండేది ఆర్గనైజరు. ఆ ధరలో పెద్దల కూలి లెక్క లేకపోతే, ఆ లోటును పిల్ల చదువుతో పూడ్చినట్టే. కంపెనీ లాభంలో మన బిడ్డ పోగొట్టుకున్న తరగతి కూడా ఉంది.

ఇది మారనిది కాదు. ఈ నాచారం, ఉప్పల్ ఒకప్పుడు రంగారెడ్డి జిల్లాలోవే. ఆ జిల్లా పల్లెల్లోనే 1991లో ఎం.వి. ఫౌండేషన్ బాలకార్మికుల మధ్య పని మొదలుపెట్టింది. పేదలు పిల్లల్ని బడికి పంపరన్న మాటను ఒప్పుకోలేదు. పనిలో ఉన్న పిల్లలను శిబిరాల్లో చదివించి వయసుకు తగిన తరగతిలో చేర్పించింది. దాన్ని నడిపిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

చట్టాలున్నాయి, వాటిలో సందులూ ఉన్నాయి. 2010లో అమలుకొచ్చిన విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే. ఎనిమిది దాటగానే హైస్కూలు దూరమైతే ఇంట్లో పెళ్లి మాట మొదలవుతుంది. 2016 సవరణ 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టడాన్ని నిషేధించినా, బడి వేళల తర్వాత ఇంటివాళ్లకు సాయం చేయవచ్చని వదిలింది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. బడి వేళకు బస్సే రాని ఊరికి దానివల్ల ఏం లాభం?

అందుకే మనం నిలబడాల్సిన మాటలు ఇవి: సీడు ఒప్పందంలో పెద్దల కూలి లెక్కగట్టి ధర రాయాలి. పిల్లల పని మీద అడ్వాన్సు ఎవరూ ఇవ్వొద్దు, ఎవరూ తీసుకోవద్దు. బడి వేళకు బస్సు కోసం డిపోకు మనమే వెళ్లాలి. క్రాసింగ్ మొదలయ్యేలోపు ప్రతి గ్రామ కమిటీ ఊళ్లో బడి మానిన ఆడపిల్లల పేర్లు రాసుకొని, ఇల్లిల్లూ తిరగాలి.

ధర కోసం కొట్లాడటం, ఆడపిల్ల బడి కోసం కొట్లాడటం రెండు పనులు కావు. ఒకటి వదిలితే రెండోదీ దక్కదు.