ఇనారి సరస్సు – అక్కడి నేల, అక్కడి జనం

 

ప్లాటినం జూబిలీ సందర్భమున భూగోళశాస్త్ర విషయమై ప్రసంగించవలసినదిగా కార్యనిర్వాహక సంఘం వారు కోరినప్పుడు, చిలికా సరస్సును గూర్చి మాట్లాడుతానని పలువురు భావించారు. బరంపురం నుండి కటకం వైపు రైలెక్కిన ప్రతివారూ కిటికీలో నుండి చూసిన చిలికాను వర్ణించి మిమ్ము మెప్పించడం కష్టం! అందుచేత ఇంచుమించు అంతే విస్తీర్ణముగల వేరొక సరస్సు వద్దకు మిమ్ము తీసుకొని పోదలచాను. అది ఫిన్లాండ్ దేశపు ఉత్తరపు కొసన ఉన్న ఇనారి. మనము 19వ ఉత్తర అక్షాంశానికి సమీపమున ఉన్నాము. ఆ సరస్సు 69వ అక్షాంశ రేఖ పొడవున ఉన్నది.

దాని విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. పోలిక అక్కడితో సరి. చిలికా ఉప్పునీటి కయ్య, అధికభాగం వెదురుగెడకు అందే లోతు. ఇనారి మంచినీటి సరస్సు. హిమానీనదాలు తొలిచిన రాతిగుంటలలో నిలిచినది. లోతైన చోట 90 మీటర్లు దాటుతుంది. అందులో మూడువేలకు పైగా దీవులున్నవి. నవంబరులో గడ్డకట్టిన నీరు జూన్ మొదటి రోజులవరకు పూర్తిగా కరగదు. డిసెంబరు ఆరంభము నుండి జనవరి రెండవ వారం దాకా సూర్యుడు దిక్చక్రం పైకి రాడు. అయినా మన పిల్లలు ఊహించే కటికచీకటి కాదది. మధ్యాహ్నవేళ కొన్ని గంటలపాటు నీలిరంగు సంధ్యాకాంతి ఉంటుంది. మే చివరి నుండి జూలై మూడవవారం వరకు సూర్యుడు అస్తమించడు.

ఇక జనసంఖ్య. మన గంజాం జిల్లా వైశాల్యం 8,200 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం 35 లక్షలమంది. ఇనారి అనే ఆ స్థానిక పాలనా ప్రాంతం అంతకు రెట్టింపు, అనగా 17,000 చదరపు కిలోమీటర్లకు మించినది. అందులో నివసించేవారు సుమారు ఏడువేలమంది. మనిషి ఒక్కింటికి రెండు చదరపు కిలోమీటర్ల నేల! ఆ ఏడువేలలోనూ దాదాపు సగంమంది ఇవలో అనే ఒక్క ఊరిలోనే ఉన్నారు. కనుక జనసాంద్రత అనే సగటు అంకె అక్కడ ఎవరి జీవితాన్నీ చూపదు.

"పలుచని జనాభా" అన్నమాటను పాఠ్యపుస్తకాలు "నిరుపయోగమైన నేల" అన్న అర్థం స్ఫురించేటట్లు వాడుతుంటవి. ఇది నాకు ఎన్నడూ నచ్చలేదు. అక్కడ రెయిన్‌డీర్ అనే ధ్రువపు జింకలను పెంచుతారు. వాటికి శీతకాలపు ముఖ్యాహారం లైకెన్. చూడడానికి పాచివలె ఉండే మేత. అది ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. ఒకచోట మేసిన మంద అక్కడికే తిరిగి రావాలంటే ఏళ్ళు పట్టవచ్చు. కాబట్టి మనకు ఖాళీగా తోచే అడవిలో, జింకల లెక్కన చూస్తే, చోటు మిగిలి లేదు. సరస్సు ఒడ్డువారు సీకా అనే తెల్లచేపను వేటాడి బ్రతికారు. చేపల కదలికను బట్టి వేసవికొక చోట, శీతకాలానికొక చోట ఇళ్ళు కట్టుకొనేవారు.

వీరు సామీలు. ఇనారి ప్రజలలో వారు సుమారు మూడవవంతు. విశేషమేమంటే సామీ భాష ఒక్కటి కాదు. ఉత్తర సామీ, స్కోల్ట్ సామీ, ఇనారి సామీ, వీటితోపాటు ఫిన్నిష్, ఈ నాలుగూ అక్కడ అధికార భాషలే. స్కోల్ట్ సామీల కథ మనవంటి వలసకుటుంబాలవారికి సులభంగా అర్థమవుతుంది. వారి పెత్సామో ప్రాంతం 1944లో సోవియట్ యూనియన్ వశమైనది. తమ నదులను, నేలను విడిచిన వారిలో అనేకులు 1949లో ఇనారి ఈశాన్యభాగాన సెవెత్తియార్వి వద్ద కొత్త ఇళ్ళలో కుదురుకొన్నారు.

ఇనారి సామీ మాత్రం ఈ ఒక్క సరస్సు చుట్టూ పుట్టిన భాష. మాట్లాడేవారు నేటికీ కొన్ని వందలమందే. యుద్ధానంతరం ఆ పిల్లలు దూరపు బడుల వసతిగృహాలలో ఉండి ఫిన్నిష్‌లోనే చదివారు. ఊరికీ ఊరికీ నడుమనున్న దూరమే వారిని ఇంటినుండి, ఇంటిభాషనుండి వేరుచేసినది. వారు పెద్దవారై తమ బిడ్డలతో ఫిన్నిష్ మాట్లాడారు. 1990ల నడిమికి ఆ భాష వచ్చిన పిల్లలు వ్రేళ్ళమీద లెక్కించదగినంతమందే మిగిలారు.

అప్పుడు, 1997లో, న్యూజిలాండ్ మావోరీలు 1982లో ఆరంభించిన పద్ధతిని అనుసరించి "భాషాగూడు" నెలకొల్పారు. అది బడి కాదు, పసిపిల్లల సంరక్షణాలయం. అక్కడ అన్నం పెట్టినా, మందలించినా, జోకొట్టినా ఇనారి సామీలోనే. పిల్లలు ఎదిగిన కొద్దీ ఆ భాషలో పై తరగతులు అవసరమైనవి.

మన ఒకటవ తరగతి హాజరుపట్టీ ఏటేటా చిన్నదగుట ఈ సభలో అందరికీ తెలుసు. ఇంటిలో తెలుగు, వీధిలో ఒడియా, కొలువుకు ఇంగ్లీషు అని తల్లిదండ్రులు అంటారు. అందులో తప్పేమీ లేదు. కాని ఇంటిలో తెలుగు ఎన్నాళ్ళుంటుందన్నది నా ప్రశ్న. దానికి జవాబు చెప్పవలసినది పసిపిల్లలు కాదు, వారి అమ్మానాన్నలు.

ఇనారిలోనూ చిక్కు అక్కడే వచ్చినది. తాతమ్మలకు భాష వచ్చు, మనుమలకు వచ్చినది. నడుమ తరానికి రాదు. ఉపాధ్యాయులు కావలసిన వయస్సు వారిదే. అందుచేత 2009-10లో 17మంది పెద్దవారిని ఎన్నుకొని, వారిచేత ఒక ఏడాదిపాటు ఇనారి సామీ ఒక్కటే చదివించారు. తరగతిగదిలో కొంత నేర్పి, తక్కినది వృద్ధుల వద్దకు పంపి నేర్పించారు. చదువుకొన్న ఉద్యోగులు ఆ వృద్ధుల వెంట సరస్సుమీదికి పోయి, వల వేయడం, వంట చేయడం, వాటికి సంబంధించిన మాటలు నేర్చారు. వారిలో కొందరు తరువాత ఆ బడులలోనే ఉపాధ్యాయులైనారు.

 పటము వెనుక గోడకు వ్రేలాడదీసి ఉన్నది. పిల్లలు సభానంతరం దగ్గరకు వచ్చి దీవులను చూడవచ్చును.