గురక, గాలి ఒత్తిడి, కొత్త యంత్రాలు

గుర్రుపెట్టి నిద్రపోయే మనిషిని చూస్తే మనకు ఒక విధమైన అసూయ. పగలంతా కష్టపడ్డాడు, ఒళ్ళు మరచి నిద్రపోతున్నాడని అనుకుంటాము. ప్రక్కవారికి నిద్రాభంగమైతే కుంభకర్ణుణ్ణి తలచుకొని నవ్వి ఊరుకుంటాము. పెళ్ళివారి విడిదిలో గురకను గురించి హాస్యోక్తి వినిపించని ఉదయం ఉండదేమో! అయితే ఆ గురకను ఓపిక పట్టి ఆలకించిన ఇల్లాలిని అడిగితే వేరొక సంగతి చెబుతుంది. గురక క్రమక్రమంగా హెచ్చుతుంది. హెచ్చి హెచ్చి హఠాత్తుగా ఆగిపోతుంది. ఛాతీ మాత్రం ఎగసిపడుతూనే ఉంటుంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తే గాలి ఆడదు. పది సెకనులు, ఇరవై సెకనులు, ఒక్కొక్కసారి అర నిమిషానికి పైగా! తరువాత ఉలిక్కిపడినట్లు ఉక్కిరిబిక్కిరిగా ఒక పెద్ద చప్పుడు, మళ్ళీ గురక. నడుమ వచ్చే ఆ నిశ్శబ్దమూ, దానిని పోగొట్టడానికి ఏర్పడిన యంత్రమూ నేటి నా ప్రసంగానికి విషయాలు.

వైద్యులు దీనిని స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో శ్వాస ఆగుట అని అర్థం. నాలుక వెనుక గొంతు భాగానికి ఎముకల ఆధారం లేదు. మెలకువగా ఉన్నంతసేపు కండరాలు దానిని తెరచి ఉంచుతాయి. నిద్రలో అవి సడలుతాయి. కొబ్బరిబొండంలో కాగితపు గొట్టం వేసి తాగేటప్పుడు, అది కొంత నానిన తరువాత గట్టిగా పీలిస్తే గోడలు ఒకదానికొకటి అతుక్కొని నీరు రావడం మానివేస్తుంది కదా! ఇక్కడ జరిగేదీ అదే. ఊపిరి పీల్చే బలానికే దారి మూసుకుపోతుంది. నెత్తురులో ప్రాణవాయువు తగ్గగానే మెదడు ఆ మనిషిని అరకొరగా మేల్కొలుపుతుంది; దారి తెరుచుకొంటుంది. ఉదయం లేచిన తరువాత అతనికి ఇదేమీ జ్ఞాపకం ఉండదు.

గంటకు ఇటువంటి ఆటంకాలు, పూర్తిగా ఆగినవీ సగం ఆగినవీ కలిపి, 5 దాటితే వ్యాధి ఉన్నట్లు పరిగణిస్తారు. 15 దాటితే మధ్యరకం, 30 దాటితే తీవ్రం. గంటకు 30 అంటే రెండు నిమిషాలకు ఒకసారి అని లెక్క! రాత్రంతా ఎవరో రెండు నిమిషాలకొకసారి భుజం తట్టి లేపుతూ ఉంటే ఆ నిద్ర ఎటువంటిదో ఊహించండి. పగటిపూట కునుకుపాట్లు, ఉదయపు తలనొప్పి, చిరాకు, మందులకు లొంగని రక్తపుపోటు దీని గుర్తులు. గుండె లయ తప్పడానికీ, పక్షవాతానికీ దీనికీ సంబంధమున్నదని తేలింది. మన విజయవాడ మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారిపై తెల్లవారుజామున లారీ నడిపే మనిషికి ఈ వ్యాధి ఉంటే ప్రమాదం అతనొక్కడిదే కాదు.

సింహాసనం, గ్యాంగ్ లీడర్ చిత్రాల పాటల ద్వారా తెలుగు శ్రోతలకు సుపరిచితులైన సంగీత దర్శకులు బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ముంబయిలో కన్నుమూసినప్పుడు, ఈ వ్యాధియే కారణమని ఆసుపత్రి వైద్యులు ప్రకటించారు. ఈ పేరును మన ఇళ్ళలో చాలామంది వినడం అదే మొదటిసారి. కాని వ్యాధి అరుదైనది కాదు. 30 మొదలు 69 ఏళ్ళ వయస్సు గలవారిలో ప్రపంచం మొత్తం మీద 93 కోట్లకు పైగా ప్రజలకు ఇది ఏదో ఒక స్థాయిలో ఉండవచ్చునని 2019లో ఒక అంచనా వెలువడింది. స్థూలకాయులకు మాత్రమే వస్తుందనుకోవడం పొరపాటు. వెనుకకు ఒదిగిన దవడ, పెరిగిన టాన్సిల్స్ ఉన్న సన్నని మనుషులకూ వస్తుంది. ముట్లు ఉడిగిన తరువాత స్త్రీలలోనూ హెచ్చుతుంది. చొక్కా కాలరు 17 అంగుళాలకు చేరిన పురుషులు మాత్రం ఒకసారి ఆలోచించుకోవడం మంచిది.

1980 వరకు తీవ్రమైన రోగికి వైద్యులు చూపగలిగిన గట్టి మార్గం ఒక్కటే: మెడ ముందు భాగాన రంధ్రం చేసి, గొంతుతో నిమిత్తం లేకుండా గాలి పోయేటట్లు చేయడం. ఆ సంవత్సరం ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో కోలిన్ సల్లివన్ అనే వైద్యుడు వేరొక ఉపాయం పన్నాడు. దుమ్ము పీల్చే వ్యాక్యూమ్ క్లీనరులో ఉండేటటువంటి మోటారుతో గాలిని ఊదించి, గొట్టం ద్వారా ముక్కుకు అతికించిన తొడుగులోనికి పంపినాడు. గాలి లోపలినుండి గొంతు గోడలను దూరంగా నెట్టి ఉంచింది. గురక ఆగింది; నిశ్శబ్దాలూ ఆగిపోయినవి. అయిదుగురు రోగుల వృత్తాంతాన్ని ఆయనా, సహచరులూ 1981లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రకటించారు. ఎడతెగకుండా ఒకే ఒత్తిడితో గాలి ఊదే ఈ పద్ధతికే సీప్యాప్ అని పేరు.

ఈ యంత్రం ప్రాణవాయువు సిలిండరు వంటిది కాదని ఇక్కడ చెప్పవలసి ఉన్నది. చాలామంది రెంటినీ ఒకటిగా భావిస్తున్నారు. ఇందులో వచ్చేది గదిలో ఉన్న మామూలు గాలియే. వైద్యం చేసేది దాని ఒత్తిడి. ఆ ఒత్తిడిని కొలిచే మానం మన ప్రాంతంవారికి సులభంగా అర్థమవుతుంది: నీటిమట్టం! ప్రకాశం బ్యారేజీ దగ్గర నీరు 12 అడుగులున్నదని వార్తలలో వింటూ ఉంటాము. ఈ యంత్రపు ఒత్తిడిని సెంటీమీటర్ల నీటిమట్టంలో చెబుతారు. సాధారణంగా అది 4 మొదలు 20 వరకు. నాలుగంటే రెండు వేళ్ళ వెడల్పు. ఇరవై అంటే జానెడు లోపు. పది సెంటీమీటర్ల ఒత్తిడి మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనంలో నూరో వంతు మాత్రమే. నిద్రలో మూసుకుపోయే గొంతును తెరచి ఉంచడానికి ఆ మాత్రం చాలును.

అయితే ఎవరికి ఎంత కావాలి? మొదట్లో దీనికి ఒకే పద్ధతి ఉండేది. రోగిని ఒక రాత్రి ప్రయోగశాలలో పడుకోబెట్టి, తలకూ ఛాతీకీ తీగలు తగిలించి, ప్రక్క గదిలో టెక్నీషియను కూర్చొని ఒత్తిడిని కొద్దికొద్దిగా పెంచుతూ పోతాడు. గురకా, ఆటంకాలూ పోయిన అంకె దగ్గర ఆపుతాడు. ఆ అంకెను యంత్రంలో బిగించి ఇంటికి పంపుతారు. పద్ధతి మంచిదే, నేటికీ వాడుకలో ఉన్నది. కాని ఒకే మనిషికి ఒకే రాత్రిలో అవసరం మారుతూ ఉంటుంది. వెల్లకిల పడుకొంటే ఎక్కువ కావాలి, ప్రక్కకు తిరిగితే తక్కువ చాలును. కలలు వచ్చే నిద్రలో కండరాలు మరింత సడలుతాయి. పడిశం పట్టినా, మద్యం పుచ్చుకొన్నా, నాలుగు కిలోల బరువు పెరిగినా లెక్క మారిపోతుంది.

డెల్టా రైతుకు ఈ చిక్కు క్రొత్తది కాదు. తూము షట్టరును ఏడాది పొడవునా ఒకే ఎత్తున బిగిస్తే ఏమవుతుంది? నాట్ల సమయంలో కోడూరు, నాగాయలంక వైపు చివరి పొలాలకు నీరందదు. వాన కురిసిన రోజున అదే నీరు గట్టుకు గండి కొడుతుంది. అందుకే కాలువ మీద లస్కరును పెట్టారు. అతడు మట్టం చూచి షట్టరును ఎత్తుతాడు, దించుతాడు. మా కంట్రోలు రూములోనూ అంతే. వక్త గొంతు పెంచితే ముల్లు కదులుతుంది, ఇంజనీరుగారి చేయి మీట మీదకు పోతుంది. (నేను ఉత్సాహపడ్డప్పుడల్లా వారి పని పెరుగుతుందని అద్దం వెనుకనుండి వారి చూపులే చెబుతాయి.) తానుగా సర్దుకొనే గాలియంత్రం చేసేది ఈ లస్కరు పనినే.

సల్లివన్‌తో కలిసి పనిచేసిన మైకేల్ బెర్తన్ జోన్స్, ఇటువంటి యంత్రం సాధ్యమని 1993లో ప్రకటించాడు. దాని లోపల గాలి ప్రవాహాన్ని కొలిచే సాధనమొకటి, ఒత్తిడిని కొలిచే సాధనమొకటి ఉంటాయి. గొంతు బాగా తెరుచుకొని ఉన్నప్పుడు మనం పీల్చే గాలిని గీత గీస్తే అది గుండ్రని గుమ్మటంలా వస్తుంది. దారి ఇరుకైనప్పుడు ఎంత లాగినా గాలి ఒక హద్దును మించి రాదు. గుమ్మటం పైభాగం చదునై మిద్దె కప్పులా మారుతుంది. యంత్రం ముఖ్యంగా కనిపెట్టేది ఈ చదునునే. గురక ఇంకా మొదలు కాకముందే అది ప్రమాదాన్ని గుర్తించి ఒత్తిడిని పెంచగలదు. గురక ప్రకంపనాలూ, శ్వాస ఆగడమూ తక్కిన గుర్తులు.

ఇందులో ఒక సూక్ష్మమున్నది. శ్వాస ఆగడానికి ఎల్లప్పుడూ గొంతు మూసుకుపోవడమే కారణం కాదు. కొందరిలో మెదడు నుండి ఆజ్ఞ రాక ఆగుతుంది. అప్పుడు దారి తెరిచే ఉంటుంది. అక్కడ ఒత్తిడి పెంచినందువల్ల లాభం లేదు సరికదా, నష్టం కలగవచ్చును. అందుచేత కొన్ని యంత్రాలు శ్వాస ఆగినప్పుడు గాలిలో చిన్న చిన్న అలలు పుట్టించి, అవి లోపలికి పోతున్నవా, అడ్డు తగిలి తిరిగి వస్తున్నవా అని చూస్తాయి. తలుపు తట్టి లోపల ఖాళీ ఉన్నదో లేదో తెలుసుకోవడం వంటిదన్నమాట. దారి మూసి ఉంటేనే ఒత్తిడి పెరుగుతుంది. పెంచడం త్వరగా, తగ్గించడం చాలా నెమ్మదిగా జరుగుతుంది. లేకపోతే రాత్రంతా గాలి హోరు ఎగిరి పడుతూ నిద్రనే చెడగొట్టేది.

ఆటోమేటిక్ అనే మాట మన చెవికి ఇంపుగా ఉంటుంది. కొని పెట్టుకొంటే చాలును, తక్కినదంతా యంత్రమే చూసుకొంటుందని భ్రమ కలిగిస్తుంది. నాకు ఈ విషయంలో భయం కలిగించేది ఆ భ్రమయే. అంగడి నుండి వచ్చినప్పుడు యంత్రం సాధారణంగా 4 నుండి 20 వరకు బార్లా తెరచి ఉంటుంది. భారీ మనిషికి 4 దగ్గర మొదలుపెడితే గాలి చాలక ఊపిరాడనట్లుంటుంది; రెండో రాత్రికే తొడుగు తీసి మూలకు విసురుతాడు. ఆ కనిష్ఠ గరిష్ఠాలను నిర్ణయించవలసినది వైద్యుడు. కొన్ని రాత్రుల తరువాత యంత్రం తాను వ్రాసుకొన్న లెక్కను చూపుతుంది: గంటకు మిగిలిన ఆటంకాలెన్ని, రాత్రిలో అధికభాగానికి చాలిన ఒత్తిడి ఎంత, గాలి ఎంత కారిపోయినది, ఎన్ని గంటలు వాడినారు. దానిని చూచి హద్దులను దగ్గరకు తేవలెను. గుండె బలహీనపడినవారికీ, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవారికీ, మెదడు ఆజ్ఞ లోపించిన రకంవారికీ ఈ సర్దుబాటు యంత్రం సరిపడకపోవచ్చును. వారికి ప్రయోగశాల రాత్రి తప్పదు.

ఒకే ఒత్తిడి యంత్రానికీ దీనికీ ఫలితంలో గొప్ప తేడా ఉన్నదా అంటే, లేదనే పరిశోధనలు చెబుతున్నవి. సర్దుకొనే యంత్రాన్ని రోగులు రాత్రికి పది పదిహేను నిమిషాలు ఎక్కువగా వాడారట, అంతే. అమెరికాలోని నిద్రా వైద్యుల సంఘం 2019లో రెంటిలో దేనినైనా వాడవచ్చునని సలహా ఇచ్చింది. నిజమైన తేడా ప్రతి రాత్రీ పెట్టుకోవడంలోనూ, తొడుగు కుదరడంలోనూ ఉన్నది. ప్రక్కలనుండి గాలి కారితే యంత్రానికి కొలతలు తప్పుతాయి. గుబురు మీసాలున్నవారికి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. నోరు తెరచి నిద్రించేవారికి నోటినీ ముక్కునూ కప్పే తొడుగు కావాలి. గాలికి తేమ కలిపే తొట్టిలో కుళాయి నీరు పోస్తే తెల్లని చారలు కడతాయి. శుద్ధిచేసిన డిస్టిల్డ్ వాటరు పోసి రోజూ మార్చవలెను. ఎయిర్ కండిషనర్ గదిలో గొట్టం చల్లబడి లోపల నీరు చేరి గుడగుడలాడితే, గొట్టానికి గుడ్డ చుట్టడమో తేమ తగ్గించడమో చేయాలి.

కరెంటు సంగతి మనం ప్రత్యేకించి ఆలోచించవలసినది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ పరిసరాలు మునిగినప్పుడు రోజుల తరబడి దీపాలు లేవు. ఇటువంటి యంత్రం మీద ఆధారపడినవారు ఇన్వర్టరు ఉన్నదా, అది ఎన్ని గంటలు నడపగలదని తుపాను రోజులు రాకముందే పరీక్షించుకోవాలి. తేమ తొట్టి హీటరును ఆపివేస్తే బ్యాటరీ చాలాసేపు వస్తుంది. బ్యాటరీ కూడా అయిపోతే తొడుగు తీసివేసి, తలవైపు ఎత్తుగా, ప్రక్కకు తిరిగి పడుకోవడం మేలు.

సెకండ్‌హ్యాండు యంత్రాలు చౌకగా వస్తున్నవని కొనేవారికి ఒక హెచ్చరిక. 2021 జూన్‌లో ఫిలిప్స్ సంస్థ లోపలి చప్పుడు తగ్గించే స్పాంజి శిథిలమై రేణువులు గాలిలో కలిసే అవకాశమున్నదని లక్షలాది యంత్రాలను వెనుకకు పిలిపించింది. పాతదాన్ని కొనేటప్పుడు అది ఆ జాబితాలోనిదా అని విచారించడం అవసరం. ఎవరో బంధువుకు సరిపడిన హద్దులు మనకు సరిపడవు. వాటిని మళ్ళీ పెట్టించుకోవలెను.

యంత్రం మాట తరువాత, ముందు పరీక్ష. ఇంట్లో ఎవరికైనా గురక నడుమ నిశ్శబ్దాలు వస్తున్నట్లు అనుమానముంటే, ఒక రాత్రి ఫోనులో ఆ చప్పుడును పది నిమిషాలు రికార్డు చేసి వైద్యునికి వినిపించండి. ఒక రాత్రి కట్టుకొని పడుకొనే చిన్న సాధనంతో ఇంట్లోనే చేసే పరీక్షలు కూడా వచ్చినవి. యంత్రం వచ్చిన తరువాత మొదటి నెల చివర తిరిగి వెళ్ళేటప్పుడు దాని లెక్కలున్న చిన్న కార్డుతోపాటు తొడుగును కూడా సంచిలో వేసుకొని వెళ్ళండి. ముక్కు మొదట్లో పట్టీ ఎక్కడ ఒరుసుకొంటున్నదో పెట్టుకొని చూపితేగాని వారికి తెలియదు.