గ్రీనిచ్‌లో కునుకు



బ్యాంకులో లెక్క తప్పనివాడినని, 2023 జూన్‌లో లండన్ వెళ్ళిన మన పద్దెనిమిది మంది పిల్లల పాస్‌పోర్టులు నాకు అప్పగించారు. విమానంలో రాత్రంతా నిద్ర లేదు. దిగిన రోజే గ్రీనిచ్ వెళ్ళాం. 1884లో వాషింగ్టన్ సదస్సు సున్నా రేఖాంశంగా నిర్ణయించిన గీత అక్కడుంది. పిల్లలు దానికి చెరోవైపు కాలు పెట్టి ఫొటోలు దిగుతున్నారు. అక్కడ సాయంత్రం నాలుగు. నా ఒంటికి రాత్రి ఎనిమిదిన్నర. బెంచీ మీద కునుకు పట్టింది.

కళ్ళు తెరిస్తే ఒళ్ళో సంచీ లేదు! గుండె ఆగినంత పనైంది. పక్కనే ఒక అమ్మాయి దాన్ని పట్టుకుని కూర్చుంది.

"మీదాంతో కలిపి పంతొమ్మిదీ ఉన్నాయి తాతగారూ" అంది.

సంచీకి కాపలా కాస్తూ తను గీత చూడనేలేదు. మర్నాడు నేనే తీసుకెళ్ళి చూపించాను.

పెద్దలారా, పిల్లలకూ బాధ్యత అప్పగించండి. లెక్క తప్పరు.