బూజు చెప్పిన జవాబు



ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే మా అమ్మ ఊరుకునేది కాదు. బూజు పడుతుందని ఆమె భయం. పట్టాలు అందుకుంటున్న మీకు, ఏరికోరి బూజునే పెంచినవాళ్ల కథ ఈరోజు చెబుతాను.

ఆస్పర్‌జిల్లస్ నిడులాన్స్ ఒక బూజు. దాని బీజం మొలకెత్తి సన్నని గొట్టంలా సాగుతుంది. లోపలి కేంద్రకం రెండై, నాలుగై, ఎనిమిదై, గొట్టం పొడవునా దండలో పూసల్లా ఎడమెడంగా సర్దుకుంటుంది. అమెరికా శాస్త్రవేత్త రాన్ మోరిస్ 1976లో కొన్ని చెడిన రకాలను వర్ణించారు. 32 డిగ్రీల దగ్గర వాటికి ఏ లోటూ లేదు. వేడి 42 డిగ్రీలకు పెంచితే మాత్రం కేంద్రకాలు విడిపోతాయే గానీ కదలవు. బీజం దగ్గరే గుమిగూడతాయి. ముందున్న గొట్టమంతా ఖాళీ. వీటికి ‘నడ్’ అని పొట్టిపేరు పెట్టారు. నడవలేనివాటికి ఆ పేరేమిటా అని మన తెలుగు చెవికి నవ్వొస్తుంది!

ఎందుకు కదలవో 1994లో తేలింది. చెడిన జన్యువుల్లో ఒకటి డైనీన్ అనే మోటారు ప్రోటీన్‌ది. కణంలోని మైక్రోట్యూబ్యూల్ అనే పట్టాల మీద ఏటీపీ అనే ఇంధనాన్ని ఖర్చుచేస్తూ అది అడుగులేస్తుంది. ఒక్కో అడుగు సుమారు 8 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఎనిమిది. దానికో చిక్కుంది. అది గొట్టం కొస నుంచి వెనక్కే నడవగలదు. మరి కొసకు చేరేదెలా? కైనీసిన్ అనే ఇంకో మోటారు దాన్ని మోసుకెళ్లి అక్కడ దించుతుంది. ఇలా మోసుకెళ్లి దించడం గురించి, తెల్లవారకముందే ఊళ్ల నుంచి బయల్దేరి వచ్చి ఇక్కడ కూర్చున్న మీ అమ్మానాన్నలకు వేరే చెప్పక్కర్లేదు.

మరుసటి ఏడాది ఇంకో నడ్ జన్యువు బయటపడింది. దాని పోలిక మనిషిలోని లిస్-1 జన్యువుతో కలిసింది. లిస్-1 చెడితే గర్భంలోని బిడ్డ మెదడులో నాడీకణాలు తమ చోటికి చేరలేవు. మెదడు మడతలు పడక నున్నగా మిగిలిపోతుంది. అదెందుకో వైద్యులు వెతుకుతుంటే, దారి చూపినవాటిలో బూజు ఒకటి.

రేపు మీ ప్రయోగశాలలోనో పొలంలోనో లెక్కకు లొంగనిది ఒకటి ఎదురవుతుంది. చిరాకుపడి పారేయకండి. పేరు రాసి, తేదీ వేసి, దాచండి. మోరిస్ అలా దాచినదానికి జవాబు రావడానికి 18 ఏళ్లు పట్టింది.